పన్నెండో మెట్టు

మూడూ ఐదు. జిగురు పట్టడానికి గంట కావాలి, అక్క నాలుగింటికి వస్తానంది, అంటే ఐదు నిమిషాలు తక్కువ, కానీ బావ బండి తాళం వెతుక్కోని రోజంటూ లేదు కాబట్టి ఆ ఐదు నిమిషాలూ ఆయనే ఇస్తాడు, సరిపోతుంది, సరిపోవాలి. అక్క బేస్ గిటారు బల్ల మీద బోర్లా ఉంది. నడుము దగ్గర రెండు క్లాంపులు, వాటి కింద చెక్క నొక్కుకుపోకుండా రెండు తోలు ముక్కలు, అంచు వెంట సన్నగా ఉబికిన జిగురును తడిగుడ్డతో తుడిచాను, మళ్ళీ ఉబికింది, మళ్ళీ తుడిచాను, ఇక ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా ఉండడం నాకు చేతకాని పని. నిన్న ముట్టుకోవద్దన్నదాన్ని ముట్టుకునే కదా ఇంత తెచ్చుకున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అమ్మ అన్నప్పుడల్లా విసుక్కునేదాన్ని, ఇప్పుడు ఆ అడుసు మోకాళ్ళ దాకా ఉంది. పక్షవాతంతో అక్కకు ఎడమ వైపు పడిపోయి ఎనిమిది నెలలు. కాలు వచ్చింది, మూతి వంకర పోయింది, నోటికి మొదటి నుంచీ ఏమీ కాలేదు, ఆ ఆసుపత్రి నర్సులను అడిగితే చెబుతారు. చెయ్యి మాత్రం ఒళ్ళో ఎవరో మరిచిపోయిన వస్తువులా పడి ఉంటుంది. వేళ్ళలో కదలిక ఉందని డాక్టరు చూపించాడు, ఆమే కదపదు. వ్యాయామం చేయించే అమ్మాయి స్పాంజి బంతి ఇచ్చి పిసకమంటే కుడి చేత్తో గోడకేసి కొడుతుంది. మొన్న ఆదివారం తనంతట తనే అందట, నా గిటారు బాగుచేయించండి, ఒక్కసారి పట్టుకుని చూస్తాను, రాకపోతే ఎవరికైనా ఇచ్చెయ్యండి, ఆ తర్వాత గిటారు ఊసూ బంతి ఊసూ నా దగ్గర ఎత్తొద్దు. ఆ ఒక్కసారి ఇవాళ నాలుగింటికి.

ఎనిమిది నెలలు పెట్టెలోనే ఉండి వెనక పలక అంచు ఊడింది, అంతే దాని జబ్బు, వాద్యాలు బాగుచేసే నాలాంటిదానికి అది అరపూట పని. అరపూట పనిని అరిష్టం చేసుకున్నాను. తీగలు విప్పే ముందు బ్రిడ్జి చుట్టూ కాగితం టేపు అంటించి పెన్సిలుతో గీత గియ్యాలి, ఈ పని నేర్పిన మేస్త్రి మొదటి రోజు చెప్పింది అదే, ఈ జాతి గిటార్లలో బ్రిడ్జి పలకకు అంటించి ఉండదమ్మాయ్, తీగల బరువుకే నిలబడి ఉంటుంది, తీగలన్నీ ఒకేసారి వదిలావంటే పడిపోతుంది, ఎక్కడ నిలబడిందో ఆ చెక్కముక్కకూ తెలీదు నీకూ తెలీదు. బ్రిడ్జి అంటే ఏముంది, అరచేతిలో పట్టే నల్లటి చెక్కముక్క, నాలుగు తీగలూ దాని మీద ఆనుకుంటాయి. గోరంత అటు జరిగితే పై స్వరాలన్నీ అపస్వరాలు. ఇరవై ఏడేళ్ళుగా ఈ మాట వచ్చినవాళ్ళందరికీ చెబుతూ, నా చేతి కిందికి వచ్చినవాళ్ళను ఈ తప్పుకే తిడుతూ, నిన్న మధ్యాహ్నం నేనే చేశాను. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఉన్నాను. అవతల బావ. పొద్దున్న మీ అక్క చొక్కా గుండీ పెట్టుకోబోయిందమ్మా, రాలేదు, నేను పెడతానంటే వద్దంది, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది, లోపల ఏడుస్తోంది, ఇన్నేళ్ళలో ఆమె ఏడవడం నేను వినలేదమ్మా అంటున్నాడు. నేను ఊఁ అంటున్నాను. ఊఁ అంటూనే చేతిలోని కట్టరుతో టక్కుమని మొదటి తీగ కత్తిరించాను, తర్వాత రెండోది, మూడోది, నాలుగోది, చేతులు వాటి మానాన అవి చేసుకుపోయాయి, రోజూ చేసే పనే కదా. బ్రిడ్జి పక్కకు ఒరిగింది. అప్పుడైనా ఆగానా? బావ ఫోను పెట్టేశాక గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. పలకంతా తుడిచాను, ఏళ్ళ తరబడి పేరుకున్న చెమటా దుమ్మూ అన్నీ పోయి ఆ తేనెరంగు తళతళలాడే దాకా. ఎందుకు తుడుస్తున్నానో తెలియకుండానే తుడిచాను. బ్రిడ్జి పాదాల చుట్టూ దుమ్ముతో ఏర్పడిన గీత ఒకటి ఉండేది, అది చాలు చోటు కనుక్కోవడానికి, అది కూడా గుడ్డకు అంటుకుని వచ్చేసింది.

మూడూ పదిహేను. కొలిచి పెట్టొచ్చు, నాకు తెలుసు. మెడ మొదటి నుంచి పన్నెండో మెట్టు, అంటే వేళ్ళు నొక్కే పన్నెండో అడ్డకమ్మీ దాకా ఎంత దూరమో, ఆ మెట్టు నుంచి బ్రిడ్జికి దాదాపు అంతే, ఆపైన శ్రుతి చూసే యంత్రం పెట్టి చూసుకుంటే ముల్లు మధ్యలోకి వచ్చి నిలబడుతుంది. యంత్రం ఒప్పుకుంటుంది, అక్క ఒప్పుకోదు. అక్క తన బ్రిడ్జిని తన చెవితో, తన చేతితో, ఏళ్ళ తరబడి వెంట్రుకవాసి చొప్పున జరుపుకుంటూ ఒక చోటికి తెచ్చుకుంది. అన్నిటికన్నా లావైన మోటు తీగ వైపు కొంచెం వెనక్కి, వంకరగా ఉండేది, చూసినవాళ్ళంతా సరిచెయ్యమనేవారు. దాని జోలికి రావద్దు అనేది. బ్రిడ్జీ తీగలూ నావి, తక్కిన చెక్కంతా నీది, పగులో బీటో వస్తే నీ ఇష్టం, వీటిని ముట్టుకున్నావంటే మాత్రం మర్యాద దక్కదు తోకా. నన్ను తోక అని పిలుస్తుంది, ఎక్కడికెళ్ళినా వెంటపడేదాన్నని. నాకు నలభై ఏడేళ్ళు, కళ్ళజోడు లేనిదే మర మేకు కనబడదు, ఇంకా తోకనే.

అసలు ఇది నాది. ఈ మాట నవ్వుతూ చెబుతాను ఎప్పుడూ, విన్నవాళ్ళూ నవ్వుతారు, నవ్వకుండా ఎప్పుడైనా చెప్పుకున్నానా నాలో నేనైనా? తొమ్మిదేళ్ళు నాకు. అద్దెకు తెచ్చిన చిన్న వయొలిన్ మీద పాఠాలు నేర్చుకుంటున్నాను. నాన్న బస్సు డ్రైవరు, సంగీతం గురించి ఆయనకు తెలిసిందల్లా హారను. మూతబడుతున్న ఒక క్లబ్బులో సామాన్లు ఇచ్చేస్తున్నారని ఎవరో చెబితే వెళ్ళి, నా పుట్టినరోజుకు ఒక పొడుగాటి నల్లపెట్టె మోసుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. తెరిచాం. అచ్చం వయొలినే, అవే భుజాలు, అదే సన్న నడుము, అంచుల దగ్గర కాలిన బెల్లంలా నల్లగా, మధ్యకు వచ్చేసరికి తేనెలా, నాలుగు తీగలు, తల మీద తీగలు బిగించే ముత్యపు గుండీల్లాంటి నాలుగు బిరడాలు. కాకపోతే వయొలిన్‌ను నాలుగిళ్ళ వాళ్ళు కలిసి మేపినట్టు ఉంది. పెద్ద సైజమ్మా, పెద్దదానివయ్యాక కూడా పనికొస్తుంది అన్నాడు నాన్న. అమ్మ అంతా చూసి, కమానేదండీ అంది. నాన్న పెట్టె లోపలి మఖమలు గుడ్డ కింద చెయ్యి పెట్టి వెతికాడు, పెట్టె తిరగేసి దులిపాడు, తీగలు మీటే బిళ్ళ ఒకటి, ఒక చుట్టిన వైరు, ఎవరిదో దువ్వెన పడ్డాయి. విడిగా అమ్ముతారేమోనే అన్నాడు. ఆ మాట మా ఇంట్లో సామెత అయిపోయింది, పెళ్ళిచూపులకు ఎవరో అబ్బాయి వస్తే, బుద్ధి ఏదండీ అని అమ్మ, విడిగా అమ్ముతారేమోనే అని నాన్న. నేను మాత్రం మూడు రోజులు నా బుల్లి కమానుతో దాన్ని రాశాను, తలుపు కీచుమన్నట్టు అరిచింది. నాలుగో రోజు అక్క, పద్నాలుగేళ్ళది, మంచానికి అవతలి వైపు కూర్చుని పుస్తకం చదువుకుంటూ, అబ్బ, చంపుతున్నావే అని లాక్కుని, ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, బొటనవేలితో మోటు తీగను ఒక్కసారి మీటింది.

దుమ్. కరెంటు లేదు, స్పీకరు పెట్టె లేదు, వట్టి చెక్క, అయినా పక్కగదిలో ఎవరో బరువైన మనిషి ఒక్క అడుగు వేసి ఆగినట్టు వినబడింది. కిటికీలో ఒక అద్దం వదులుగా ఉండేది, అది జుయ్యిమంది. అక్క పుస్తకం పక్కన పెట్టింది, ఆ పుస్తకం మళ్ళీ చదివిందో లేదో నాకు తెలీదు. నాది, ఇచ్చెయ్ అని ఏడ్చాను. నాన్న వచ్చి, నీదేనమ్మా, అక్క కాసేపు ఆడుకుని ఇచ్చేస్తుంది అన్నాడు. ఆ కాసేపు ముప్పై ఎనిమిదేళ్ళు సాగింది. తర్వాత అక్కకు బ్యాండు దొరికింది, నలుగురు, హోటళ్ళలో, ఆఫీసు వాళ్ళ విందుల్లో, కాలేజీల్లో వాయించేవారు. మిగతావాళ్ళ భుజాల మీద ఉన్నవి పలకల్లాంటి బరువైన గిటార్లు, అక్కది మాత్రం లోపల డొల్ల, ఒక చేత్తో ఎత్తొచ్చు, ఆమె వాయిస్తూ నడిచేది, తిరిగేది, మెడ పైకెత్తి డ్రమ్ముల వాడి వైపు చూసి కన్ను కొట్టేది. తీగలేమో చుట్లు తెలియనంత నున్నటివి, వేసిన కొత్తలో తప్ప మోగవు, పాతబడేకొద్దీ లోపలికి పలుకుతాయి, అందుకే ఆమె వాటిని ఇరవై రెండేళ్ళుగా మార్చలేదు. బ్రిడ్జి ముందర తీగల కింద ఒక స్పాంజి ముక్క దోపేది, అమ్మ కొత్తగా కుట్టించిన సోఫా దిండులోంచి కత్తిరించినది, ఆ రోజు తిన్న తిట్లు నాకింకా గుర్తే, ఆమె చేస్తే నాకూ కలిపి పడ్డాయి. దాంతో స్వరం మోగీ మోగగానే ముద్దగా ఆగిపోయేది. పాటలో బేస్ ఎవరూ వినరు, అది లేనప్పుడే ఏదో పోయిందని వెతుక్కుంటారు అనేది అక్క. నేను వినేదాన్ని, స్టేజీ పక్కన వైర్లు చుడుతూ, కింద చెక్కల్లోంచి అరికాళ్ళకు వస్తుంటే. ఒకసారి ఆమెకు గొంతూ ఒళ్ళూ కాలిపోయే జ్వరం, ఆమె బదులు నన్ను నిలబెట్టారు. అన్ని పాటలూ నాకు వచ్చు, ఒక్క స్వరం తప్పలేదు. అయ్యాక డ్రమ్ముల వాడు చెమట తుడుచుకుంటూ, స్వరాలన్నీ ఉన్నాయి గానీ మనిషే రాలేదు ఇవాళ అన్నాడు. సరదాకే అన్నాడు, అందరం నవ్వాం. మర్నాడే మేస్త్రి దగ్గరికి వెళ్ళి పని నేర్పమన్నాను.

మూడూ ముప్పై. అదే అడుగుతున్నాను నన్ను నేను ఈ అరగంట నుంచీ, కాదు, నిన్నటి నుంచీ. ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యని తప్పు, వేరేవాళ్ళ వాద్యానికి ఒక్కసారీ చెయ్యనిది, దీనికే ఎందుకు చేశాను? బావ మాటలు వింటూ పరధ్యానంలో అని సరిపెట్టుకుంటున్నాను గానీ, కత్తిరించేటప్పుడు ఆ టక్కుమన్న శబ్దం నాలుగుసార్లు విన్నాను కదా, మొదటిసారికే ఉలిక్కిపడాలి కదా. తుడిచింది సరే, ఎందుకంత గట్టిగా? ఆమె చెమట, ఆమె దుమ్ము, ఆమె వంకర బ్రిడ్జి, నాది అన్నదాంట్లో ఆమె గుర్తు లేకుండా చెయ్యాలనా? ఛీ. ఆమె చెయ్యి పడిపోయినప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చుని నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో ఎవరికీ చెప్పలేదు, చెప్పను, ఇప్పుడు ఆ గిటారు ఎవరికి అని. ఒక్క క్షణం. కనురెప్ప కొట్టినంతసేపు. తర్వాత వాంతి చేసుకున్నాను, కాఫీ పడలేదన్నాను బావతో. అక్క నాకు కావాలి, తిట్టే అక్క, లాక్కునే అక్క, ఆ చెయ్యి ఎత్తి నెత్తి మీద మొట్టే అక్క. ఇంత ఏడుపుగొట్టుదాన్ని తోక అనక ఏమంటుంది.

చెత్తబుట్ట బల్ల కిందే ఉంది. వంగి నాలుగు తీగలూ బయటికి తీశాను, నిన్నటి నుంచి ఇది మూడోసారి. సరిగ్గా బిరడా దగ్గర కత్తిరించాను, రెండంగుళాలు పైకి వదిలినా మళ్ళీ చుట్టడానికి వచ్చేది. చేతుల్లో మెత్తగా వేలాడుతున్నాయి, ఆమె వేళ్ళు పడ్డ చోటల్లా అరిగి వెలిసిపోయి. ముడి వెయ్యనా? ముడి వేస్తే తెగుతుంది, తెగితే కంట్లో కొడుతుంది, ఈ సంగతి నాకు తెలియదన్నట్టు ఆలోచిస్తున్నాను, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏమొస్తుంది. స్పాంజి ముక్క సంగతి ఇంకా ఘోరం, ఎత్తగానే పొడి అయింది, గోధుమరంగు పిండి, ఊదేశాను. కొత్త తీగలు ఉన్నాయి, నున్నటివే, మంచివే, పెట్టె తెరిచి బల్ల మీద వరసగా పెట్టాను. గిన్నెలు తోమే స్పాంజి ఒకటి ఉంది, అంచు కత్తిరించి చూశాను, బిరుసు. బావకు ఫోను చేసి ఇవాళ వద్దు, రేపు రమ్మననా? జిగురు పట్టలేదని చెప్పొచ్చు, అబద్ధం కూడా కాదు, నిన్న అతికించినది పొద్దున చూస్తే వేలెడంత చోట నోరు తెరిచే ఉంది, అందుకే మూడింటికి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. మేస్త్రి ఉంటే రాత్రంతా కదపొద్దనేవాడు. కానీ రేపటికి ఆమె మనసు మారితే? ఆదివారం నుంచి ఆ ఒక్కసారిని ఎలా పట్టుకుని ఉందో ఏమో. ఫోను చేతిలోకి తీసుకోగానే అదే మోగింది.

"ఏమ్మా, బయల్దేరాం," అన్నాడు బావ. గొంతు తగ్గించి, "తాళం ఆవిడే చేతిలో పట్టుకుని కూర్చుంది. రెండింటి నుంచీ తయారు."

"బావా, కొంచెం నెమ్మదిగా రండి."

"నేనా? నెమ్మదిగానా? పక్కన కూర్చుని తోలేది ఆవిడే కదమ్మా." అవతలి నుంచి అక్క గొంతు, ఎవరితో గుసగుసలు, రోడ్డు చూడండి అంటూ. ఫోను ఆగిపోయింది.

ఇరవై నిమిషాలు. ఈ ఇరవై నిమిషాలు నేను ఏం చేశానంటే గదిలో ఎనిమిది అడుగులు అటూ ఎనిమిది అడుగులు ఇటూ నడిచాను, గోడకు వేలాడుతున్న మెడల్లేని గిటార్లనూ కడుపు తెరిచిన వయొలిన్లనూ లెక్కపెట్టాను, కిటికీలోంచి చూస్తూ, రోడ్డు మీద ఎర్ర కారు ఏది వచ్చినా తలుపు దాకా పరిగెత్తాను, బావది తెల్ల కారు. నాలుగుకు పది నిమిషాలు తక్కువ ఉండగా ఇక ఆగలేక క్లాంపులు వదిలాను. గోరుతో అంచు వెంట గీకాను. పట్టింది. వేళ్ళ మెటికలతో వెనక పలక మీద తట్టి చూశాను, ఎక్కడా గలగల లేదు, గట్టిగా, నిండుగా పలికింది, ఈ ఒక్క పని నాకు వచ్చు. తీగలు ఎక్కించాను, ఒకటి, రెండు, చెమటకు బిరడా జారుతోంది, మూడు, నాలుగు. బ్రిడ్జి కొలిచి నిలబెట్టాను, యంత్రం పెట్టాను, ముల్లు మధ్యకు వచ్చి పచ్చదీపం వెలిగింది. వైరు గుచ్చాను, పలక మీద స్విచ్చులు మూడు, ఆన్ అని రాసినవైపు తోస్తే ఆగిపోయే వింత స్విచ్చులు, సరిచేశాను. మోటు తీగ మీటాను. డాంగ్. ఎవరో ఇత్తడి బిందె కింద పడేసినట్టు, పడేశాక కూడా దొర్లుతున్నట్టు. ఇది ఆ గిటారు కాదు. చూడ్డానికి అదే, ఇంకా అందంగా ఉంది, మెరుస్తోంది, దాని నోట్లో వేరేవాళ్ళ గొంతు. కూర్చుండిపోయాను. బయట కారు తలుపు వేసిన శబ్దం.

అక్క గుమ్మంలో ఆగింది. బావ చెయ్యి విదిలించుకుని కర్ర ఆనించుకుంటూ తనే వచ్చింది, ఎడమచెయ్యి బొడ్డు దగ్గర ముడుచుకుని. చొక్కా పైగుండీ పెట్టి లేదు. బల్ల వైపు చూసింది. నేను చెప్పాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకుని ఉంచుకున్నాను.

"ఏమే తోకా, పెళ్ళికూతురిని చేశావేంటే దీన్ని?"

"అక్కా, తీగలు కత్తిరించేశాను. బ్రిడ్జి చోటు పోయింది. తుడిచేశాను. స్పాంజీ పోయింది." ఒక్క గుక్కలో అనేసి, "కావాలని కాదు," అన్నాను, అని, "ఏమో, నాకు తెలీదు," అన్నాను. ఏడుపు వచ్చేసింది.

బావ గోడ మీద వయొలిన్ల వైపు తిరిగాడు. తిట్టు, మొట్టు, ఏదో ఒకటి చెయ్యి అక్కా. అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇలా ఇయ్యి," అంది. ఒళ్ళో పెట్టాను. కుడి చేత్తో ఎడమ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, బరువు సంచీ ఎత్తినట్టు ఎత్తి, గిటారు మెడ మీద పెట్టింది. అది జారింది. మళ్ళీ పెట్టింది. నిలబడింది. కుడి బొటనవేలితో మోటు తీగ మీటింది. డాంగ్.

"ఛీ," అంది. "రైలొస్తోందని గంట కొట్టినట్టుంది." చేతిసంచీ కాలితో నా వైపు తోసింది. "అందులో ఆ దిక్కుమాలిన బంతి ఉంది, తియ్యి. కొయ్యి."

"ఏమోయ్, అది ఆ వ్యాయామం అమ్మాయి ఇచ్చిన..." అన్నాడు బావ.

"పిసికీ పిసికీ ఏం ఒరిగింది? కొయ్యవే."

కోశాను. లోపల మెత్తగా, తేలిగ్గా ఉంది, సరిగ్గా అదే. రెండు వేళ్ళ వెడల్పు ముక్క కోసి తీగల కింద దోపాను. మీటింది. దుమ్. ఇంకా కొత్త తీగల మెరుపు అంచున ఉంది గానీ, ఉంది, లోపల ఆ మనిషి అడుగు వినబడింది. అక్క కళ్ళు మూసుకుంది. తర్వాత పన్నెండో మెట్టు మీదికి వేలు జరిపింది. బ్రిడ్జి సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే దారి అదొక్కటే, ఆ మెట్టు దగ్గర తీగను వేలితో ఊరికే తాకి మీటితే ఒక స్వరం వస్తుంది, అక్కడే గట్టిగా నొక్కి మీటితే ఇంకొకటి వస్తుంది, రెండూ ఒకటి కావాలి. తాకి మీటింది, గంటలా సన్నగా పలికింది. నొక్కింది. వేలు వణికింది, తీగ కిందిదాకా పోలేదు, బుస్సుమంది. అయిపోయింది, ఆ ఒక్కసారి అయిపోయింది, లేస్తుంది, ఇచ్చెయ్యండి అంటుంది.

"దొంగ స్వరం," అంది పళ్ళు బిగించి. మళ్ళీ నొక్కింది. ఈసారి పలికింది, వణుకుతూ. "కిందికి ఉంది. చాలా కిందికి ఉంది. వినబడట్లేదూ? జరుపు."

జరిపాను. నొక్కింది, మీటింది. "ఇంకా." జరిపాను. అప్పుడు అర్థమైంది నాకు, ఆమె మునుపు తీగను పీక నొక్కినట్టు నొక్కేది, అలా నొక్కితే స్వరం పైకి పోతుంది, అందుకే ఆ పాత బ్రిడ్జి అంత వెనక్కి ఉండేది. యంత్రం చెప్పిన చోటు కూడా నా వేలి బలానికి సరిపోయేది. ఆ గీత దొరికి పాత చోటే పెట్టి ఉన్నా ఈ చేతికి పలికేది కాదు. బ్రిడ్జి మీద వేలు పెట్టి ముందుకు తోస్తూ కూర్చున్నాను. నొక్కు, మీటు, ఛీ, జరుపు. నొక్కు, మీటు, అయ్యో రామా, ఎటు జరుపుతున్నావే, కళ్ళున్నాయా. నుదుటి మీద చెమట పట్టింది ఆమెకు. మధ్యలో చెయ్యి జారిపోతే కుడిచెయ్యి దాన్ని ఎత్తి పెడుతుంది, ఆమె దాని వైపు చూడనైనా చూడడం లేదు, చెవి మాత్రమే ఉంది మొహంలో. బావ గోడ వైపే తిరిగి ఆమె నొక్కులు వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు, పెదవులు కదులుతున్నాయి, నలభై దాటింది కాబోలు.

అప్పుడు కుదిరింది. తాకిన స్వరమూ నొక్కిన స్వరమూ ఒకటై కూర్చున్నాయి, ఇక్కడి కిటికీ అద్దం కూడా జుయ్యిమంది. నాకు వినబడిందంటే ఆమెకు వినబడకపోదు. కానీ కళ్ళు తెరవకుండానే, "ఆఁ?" అంది.

"ఇంకా లేదక్కా," అన్నాను. కుదిరిందంటే ఆ చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి పోతుంది.

నొక్కింది, మీటింది. బ్రిడ్జి మీద వేలు పెట్టి, జరపకుండా తీశాను. నొక్కింది, మీటింది. మళ్ళీ వేలు పెట్టి తీశాను. అలా ఎన్నిసార్లు అయిందో, ఆమె వేలి కింద తీగ వణకడం తగ్గింది.

"ఏమే," అంది కళ్ళు మూసుకునే, "నువ్వు బ్రిడ్జి కదపడం మానేసి ఎంతసేపైందే?"

వేలు బ్రిడ్జి మీదే ఉంచాను.

"ఉత్తినే వేలు పెట్టి తీస్తున్నావు. చెవుడనుకున్నావా నాకు?" కళ్ళు తెరిచింది. తడిగా ఉన్నాయి, కోపంగానూ ఉన్నాయి. "నిజం చెప్పు. కుదిరిందా, లేదా?"

"లేదు," అన్నాను.

అక్క నా మొహంలోకి చూసింది. ఎడమచెయ్యి అప్పుడే అలిసిపోయి ఒళ్ళోకి జారింది. బావ లెక్క ఆపాడు.

"సరే అయితే," అంది అక్క. ఎడమచెయ్యి లేచింది, గాలిలో ఒకసారి తూలింది, పన్నెండో మెట్టు మీదికి వచ్చి ఆగింది. కుడిచెయ్యి దాన్ని ఎత్తడానికి రాలేదు, అది మీటడానికి తీగ దగ్గరే ఉంది.